ఆకు ఓర్చుకున్న ఎండకు గింజ ఎందుకు తాలయింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యాసంగి కోతలు ముగిశాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండ గురించే ఉంటాయి. ఈసారి పొలంలో జరిగిన నష్టం గురించి అడిగినవారితోపాటు, వేడిని తట్టుకునే జన్యువుల గురించి, షాపరోన్ ప్రోటీన్ల గురించి అడిగినవారు కూడా ఉన్నారు. ఒక ప్రశ్నకు ఇచ్చే జవాబు మరొక ప్రశ్నకు ఆధారమవుతుంది కనుక అన్నింటినీ ఒకచోట చేర్చి, పొలంతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: కాకతీయ కాలువ కింద రెండెకరాల్లో యాసంగి వరి వేశాను. జనవరి మొదటి వారంలో నారు పోశాను, నాటు ఫిబ్రవరిలో పడింది. ఏప్రిల్ రెండో వారంలో పంట ఈనింది. ఆకు చివరిదాకా పచ్చగానే ఉన్నది, తెగులు ఏదీ కనబడలేదు. కోసి చూస్తే మూడో వంతు తాలే. ఎండకు ఆకు మాడనప్పుడు గింజ ఎట్లా తాలవుతుంది సార్?
– ఒక రైతు, పరకాల

జవాబు: తాలుకు ఎండ ఒక్కటే కారణం కాదు కాబట్టి ముందుగా మిగిలినవాటిని పక్కన పెడదాం. కంకి మొత్తం తెల్లబడి, పట్టుకుని లాగితే సులువుగా ఊడి వస్తే అది కాండం తొలుచు పురుగు పని. పోటాకు తొడుగు మీద, గింజ పొట్టు మీద గోధుమ రంగు మచ్చలుంటే కంకినల్లినో, గింజ మచ్చ తెగులునో అనుమానించాలి. కంకి మెడ నల్లబడి విరిగితే అది మెడవిరుపు. ఇవేవీ లేకుండా పొట్టు ఆరోగ్యంగానే ఉండి, ఒకే కంకిలో నిండిన గింజల మధ్య ఖాళీ గింజలు కలగలిసి ఉండి, కంకి బరువుకు వంగకుండా నిలువుగా ఉండిపోతే, పూత సమయంలో ఫలదీకరణ జరగలేదని అర్థం. మీరు రాసిన లక్షణాలూ, మీరు ఇచ్చిన తేదీలూ ఈ చివరి కారణానికే సరిపోతున్నాయి.

వరి పువ్వు సాధారణంగా ఉదయం తొమ్మిది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుని సుమారు గంటసేపు మాత్రమే తెరుచుకుని ఉంటుంది. ఆ కొద్ది సమయంలో పరాగకోశం పగలాలి, పుప్పొడి కీలాగ్రం మీద పడాలి, పడిన రేణువు మొలకెత్తి దాని నాళం అండాశయంలోకి దిగాలి. వరి పుప్పొడి బయటపడిన తర్వాత కొన్ని నిమిషాలకు మించి జీవశక్తితో ఉండదు. పువ్వు తెరుచుకున్న సమయంలో కంకి దగ్గర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే పరాగకోశం సరిగా పగలదు, కీలాగ్రం మీద పడే రేణువుల సంఖ్య తగ్గుతుంది, పడినవాటిలోనూ చాలా భాగం మొలకెత్తవు. అందువల్ల పత్రికలో వచ్చే పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా పది, పదకొండు గంటలకు మీ పొలంలో ఎంత వేడి ఉన్నదన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ రోజు ఫలదీకరణ ముగించుకున్న పువ్వుకు మధ్యాహ్నం 41 డిగ్రీలు వచ్చినా అంత హాని జరగదు. కానీ ఏప్రిల్ రెండో వారం నాటికి మన ప్రాంతంలో ఉదయం పదకొండు గంటలకే 35 డిగ్రీలు దాటే రోజులు తరచుగా వస్తాయి.

ఇక ఆకు సంగతి. ఆకు రెండు విధాలుగా తనను కాపాడుకుంటుంది. వేళ్లకు నీరు అందుతున్నంత వరకు పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరి చేసి చుట్టూ ఉన్న గాలి కన్నా తాను చల్లగా ఉంటుంది. అది చాలనప్పుడు, వేడి తగిలిన కొన్ని నిమిషాల్లోనే ఆకు కణాలు ఉష్ణాఘాత ప్రోటీన్లు అనే ప్రత్యేక ప్రోటీన్లను పెద్ద మొత్తంలో తయారు చేయడం మొదలుపెడతాయి. వీటిలో చాలా వరకు షాపరోన్లు, అంటే ఇతర ప్రోటీన్లు వేడికి ఆకారం చెడి ఒకదానికొకటి అంటుకుపోకుండా చూసేవి. ముదిరిన పుప్పొడి రేణువులో ఈ స్పందన ఆకుతో పోలిస్తే చాలా బలహీనమని మక్కజొన్న మొదలైన పంటల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. పైగా పుప్పొడి రేణువుకు వేళ్ల నుంచి నీరు అందదు, చల్లబరిచే పత్రరంధ్రాలు లేవు, పాడైపోతే మరోసారి తయారయ్యే అవకాశమూ లేదు. ఒకే మొక్కలో, ఒకే జన్యువులతో, ఆకు నిలబడి గింజ తాలు కావడానికి కారణం ఇదే.

వచ్చే యాసంగికి మీరు చేయగలిగినదాంట్లో మొదటిది నారు పోసే తేదీని ముందుకు జరపడం. స్వల్పకాలిక రకాన్ని నవంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి పక్షం లోపు నారు పోసుకుంటే పూత మార్చి నెలాఖరులోపే ముగుస్తుంది. మరీ ముందుకు జరిపితే చిరుపొట్ట దశ చలిలో పడి అప్పుడూ తాలు వస్తుంది కనుక, మీ ఊరికి తగిన తేదీని వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, మీ వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరో ఖరారు చేసుకోండి. రెండోది నీరు. కాలువకు వారబందీ (వంతులవారీ నీటి విడుదల) ఉంటుంది కాబట్టి పూత పదిహేను రోజులు మడిలో పలుచగానైనా నీరు నిలబడేలా బోరు నీటిని ఆ రోజుల కోసం దాచుకోవడం మంచిది. గాలి పొడిగా ఉన్నప్పుడు నీరు అందుతున్న కంకి చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఉక్కపోతగా ఉంటే ఆ లాభం తగ్గిపోతుంది. ఆ విషయంలో సముద్రతీర జిల్లాల కన్నా మన పొడి ఎండ కొంత నయమే.

హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఆడ–మగ వరి (హైబ్రిడ్ విత్తనం కోసం) సాగు చేసేవారికి ఇది మరింత దగ్గరి విషయం. మగ సాళ్ల పుప్పొడి గాలిలో ఎగిరి ఆడ సాళ్ల మీద పడాలి కాబట్టి పూత రోజుల్లో ఉదయం తాడు లాగుతారు. వేడికి పుప్పొడి చచ్చిన రోజున ఎంత లాగినా గింజ పట్టదు.

గింజ పట్టిన తర్వాత వచ్చే వేడి మరో రకమైన నష్టం చేస్తుంది. పాలు పోసుకునే దశలో, ముఖ్యంగా రాత్రి వేడి తగ్గనప్పుడు, పిండి పదార్థం గింజలో వదులుగా పేరుకుని తెల్లని పొట్టతెలుపు వస్తుంది, మరలో పోస్తే విరిగి నూక అవుతుంది. మన యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పంపవలసి రావడానికి ప్రధాన కారణం ఇదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గుతోందని 2004లో ప్రకటించారు. పగటి ఎండను తిట్టుకునే మనం రాత్రి వేడిని పట్టించుకోవడం తక్కువ.

ప్రశ్న: నేను బి.ఎస్సీ. చదువుతున్నాను. షాపరోన్లు ప్రోటీన్లను 'మడతపెట్టడంలో' సహాయం చేస్తాయని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో ముగించింది. అవి ఎలా పనిచేస్తాయి, వేడి వచ్చిందని మొక్కకు ఎలా తెలుస్తుంది, ఈ జన్యువులను మొదట ఎవరు కనుగొన్నారు అన్నది వివరించగలరా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ముడుచుకుంటేనే అది ఎంజైమ్‌గానో మరో విధంగానో పనిచేస్తుంది. ముడుచుకోవడానికి కావలసిన సమాచారమంతా అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంటుందని క్రిస్టియన్ అన్ఫిన్సెన్ చూపించారు. అందుకు ఆయనకు 1972 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయితే ఆయన ప్రయోగం పరీక్షనాళికలో, పలుచని ద్రావణంలో జరిగింది. కణం లోపల అంత ఖాళీ ఉండదు. నీటికి పొసగని అమైనో ఆమ్లాలు ముడుచుకున్న ప్రోటీన్‌లో లోపలి వైపు దాగి ఉంటాయి. గొలుసు ఇంకా తయారవుతున్నప్పుడూ, వేడికి ముడి వదులైనప్పుడూ అవి బయటపడి, పక్కనున్న మరో ప్రోటీన్‌లోని అటువంటి భాగాలకు అతుక్కుంటాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడటంలో జరిగేది ఇదే. మొక్క కణంలో అంత దూరం పోకముందే షాపరోన్లు అడ్డుపడతాయి.

వీటిని కిలోడాల్టన్లలో వాటి అణుభారాన్ని బట్టి పిలుస్తారు: హెచ్‌ఎస్‌పి అంటే ఉష్ణాఘాత ప్రోటీన్, పక్కనున్న అంకె దాని అణుభారం. పేర్లు కంఠస్థం చేయడం కన్నా పని విభజనను గుర్తుంచుకోండి, పరీక్షకూ అదే ఉపయోగపడుతుంది. చిన్న ఉష్ణాఘాత ప్రోటీన్లు శక్తి ఖర్చు లేకుండానే, ముడి వదులైన ప్రోటీన్‌ను పట్టుకుని అతుక్కుపోకుండా ఆపుతాయి, అంతకు మించి చేయవు. జంతువులతో పోలిస్తే మొక్కల్లో ఈ చిన్న ప్రోటీన్ల వైవిధ్యం చాలా ఎక్కువ; అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో వీటి జన్యువులు 19 ఉన్నాయి. పరుగెత్తి నీడకు చేరలేని జీవికి అది అవసరమే. హెచ్‌ఎస్‌పి 70, దాని సహాయకుడైన హెచ్‌ఎస్‌పి 40తో కలిసి, కణానికి ఇంధనం వంటి ఏటీపీని ఖర్చు చేస్తూ గొలుసును పట్టుకోవడం, వదలడం పదేపదే చేసి సరైన ఆకారానికి అవకాశం కల్పిస్తుంది. హెచ్‌ఎస్‌పి 60 ఏడేసి భాగాలున్న రెండు వలయాలుగా ఏర్పడి, లోపలి ఖాళీలో ఒక్కొక్క గొలుసునూ ఏకాంతంగా ముడుచుకోనిస్తుంది. హెచ్‌ఎస్‌పి 90 అన్ని ప్రోటీన్ల జోలికీ పోదు. సంకేతాలు అందించే ప్రోటీన్లను, తెగుళ్లను గుర్తించే నిరోధక ప్రోటీన్లను పనిచేసే స్థితిలో ఉంచుతుంది. ఇక హెచ్‌ఎస్‌పి 101 అన్నింటికన్నా భిన్నమైనది: అప్పటికే అతుక్కుపోయిన ముద్దలోంచి ఒక్కొక్క గొలుసునూ తన ఆరు భాగాల వలయం మధ్య రంధ్రం గుండా లాగి విడదీస్తుంది. ఈ జన్యువు పనిచేయని అరబిడాప్సిస్ మొక్కలు మామూలుగా పెరుగుతాయి, కానీ ముందుగా తేలికపాటి వేడికి అలవాటు చేసినా తీవ్రమైన వేడికి నిలవలేవని 2000 సంవత్సరంలో ప్రచురితమైన పరిశోధనలు స్పష్టం చేశాయి.

వేడి వచ్చిందని తెలిసే పద్ధతి చాలా తెలివైనది. ఉష్ణాఘాత కారకాలు అనే ప్రోటీన్లు ఈ జన్యువులన్నింటికీ మీట వంటివి. మామూలు రోజుల్లో హెచ్‌ఎస్‌పి 70, హెచ్‌ఎస్‌పి 90 వాటిని పట్టుకుని నిద్రాణంగా ఉంచుతాయి. వేడికి కణంలో ముడి వదులైన ప్రోటీన్లు పెరిగితే షాపరోన్లు వాటి వైపు మళ్లుతాయి. విడుదలైన కారకాలు మూడేసిగా జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి, ఉష్ణాఘాత జన్యువుల ముందుండే ప్రత్యేకమైన డీఎన్‌ఏ వరుసకు అంటుకుని వాటిని పనిలోకి దించుతాయి. షాపరోన్లు సరిపడా తయారయ్యాక అవే తిరిగి కారకాలను పట్టుకోవడంతో మీట కిందికి దిగుతుంది. కణత్వచం వదులు కావడం, కాల్షియం లోపలికి రావడం వంటి సంకేతాలు కూడా తోడవుతాయి. ఈస్టులోనూ, పండ్ల ఈగలోనూ ఇటువంటి కారకం ఒక్కటే ఉండగా అరబిడాప్సిస్‌లో 21, వరిలో 25 ఉన్నాయి.

చరిత్ర విషయానికి వస్తే, ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా పండ్ల ఈగ లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోముల మీద పనిచేస్తున్నప్పుడు, ఎవరో పొదుగు పెట్టె వేడిని పెంచడం వల్ల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు కనిపించాయి. పేరున్న ఒక పత్రిక ఆ వ్యాసాన్ని తిరగ్గొట్టగా అది 1962లో మరో పత్రికలో వచ్చింది. ఆ ఉబ్బుల నుంచి తయారయ్యే ప్రోటీన్లను 1974లో గుర్తించారు. 1981 నాటికి సోయా మొలకల్లోనూ అవే కనిపించాయి. 40 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచిన సోయా మొలకలు, ఆ తర్వాత మామూలుగా ప్రాణం తీసే 45 డిగ్రీలను రెండు గంటలు తట్టుకున్నాయి. ఈ అలవాటునే సంపాదించిన ఉష్ణసహనం అంటారు.

షాపరోన్ల కథలో మొక్కలకు పెద్ద పీటే ఉంది. రాన్ లాస్కీ 1978లో కేంద్రకంలోని ఒక ప్రోటీన్‌కు ఈ పేరు వాడగా, 1987లో జాన్ ఎల్లిస్ దాన్ని ఒక పెద్ద ప్రోటీన్ వర్గానికి విస్తరించారు. ఎల్లిస్ పనిచేసినది హరితరేణువుల్లోని రూబిస్కో ఎంజైమ్ మీద. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి ఆహారంగా మలిచే ఆ ఎంజైమ్ ఎనిమిది పెద్ద, ఎనిమిది చిన్న భాగాలతో ఏర్పడుతుంది, అవి వాటంతట అవి కూడుకోవు. మొక్క రూబిస్కోను బాక్టీరియాలో తయారు చేయాలంటే హరితరేణువులోని అనేక షాపరోన్లను దానితోపాటు పెట్టవలసి వచ్చిందని 2017లో తేలింది. మనం తినే ప్రతి మెతుకు వెనుక ఇంత సహాయక బృందం ఉన్నదని పాఠ్యపుస్తకం చెప్పకపోవడం విచారకరమే.

ప్రశ్న: ఎకరంన్నరలో మిర్చి ఉంది. ఫిబ్రవరి నుంచి పూత రాలుతోంది. మందుల దుకాణంలో ఒక సీసా ఇచ్చి, ఇది మొక్కలోని ఒత్తిడి జన్యువులను మేల్కొలుపుతుందని, ఎండ ఏమీ చేయదని చెబుతున్నారు. కొనమంటారా?
– ఒక రైతు, ములుగు జిల్లా

జవాబు: ఆ మాట నమ్మి కొనవద్దు. పై జవాబు చదివితే మీకే తెలుస్తుంది: వేడి తగలగానే మీ మిర్చి మొక్క ఆ జన్యువులను తానే మేల్కొలుపుకుంటుంది, దానికి సీసా అవసరం లేదు. వేడి లేనప్పుడు వాటిని బలవంతంగా మేల్కొలిపి ఉంచితే లాభానికి బదులు నష్టం జరుగుతుంది. ప్రయోగశాలలో ఇటువంటి జన్యువులను నిరంతరం పనిచేసేలా చేసిన మొక్కలు కొన్ని సందర్భాల్లో గిడసబారిపోయాయి. ఎండకూ కరువుకూ స్పందించే డ్రెబ్–2ఎ అనే నియంత్రక జన్యువును అరబిడాప్సిస్‌లో ఎప్పుడూ చురుకుగా ఉండేలా మార్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ప్రోటీన్ల తయారీకి శక్తి కావాలి. ఆ శక్తిని కాయ నుంచే తీసుకోవాలి.

దుకాణాల్లో దొరికే ఇటువంటి సీసాల్లో సాధారణంగా సముద్రపు నాచు సారం, అమైనో ఆమ్లాలు, హ్యూమిక్ ఆమ్లం వంటివి ఉంటాయి. వాటిలో కొన్నింటికి కొంత ప్రయోజనం ఉండవచ్చు, అది నేలను బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది. ఇటువంటి జీవ ఉత్ప్రేరకాలను 2021లో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. కాబట్టి సీసా మీద ఆ ఉత్తర్వు ప్రకారం నమోదు వివరాలు, అందులో ఏమున్నదో తెలిపే వివరాలు, ఏ పంటకు ఎంత వాడాలో తెలిపే మాటలు ఉన్నాయో లేదో చూడండి. బిల్లు లేకుండా కొనకండి. లేబుల్ మీద జన్యువుల గురించి ఎంత గొప్పగా రాసి ఉంటే అంత జాగ్రత్తపడాలన్నది నా అభిప్రాయం.

మీ తోటలో పూత రాలడానికి ఎండ ఒక్కటే కారణమని కూడా నేను అనుకోవడం లేదు. పువ్వులను తెల్ల కాగితం మీద దులిపి చూడండి. కొన్నేళ్లుగా మన మిర్చిని పీడిస్తున్న నల్ల తామర పురుగులు పువ్వుల్లోనే దాగి ఉంటాయి. అవి కనబడితే సమస్య వేరు, వైద్యం వేరు. కనబడకపోతే నీటి తడుల మధ్య వ్యవధి తగ్గించండి, డ్రిప్ ఉంటే తక్కువ నీటిని తరచుగా ఇవ్వండి, నత్రజనిని అతిగా వేయకండి. పూత నిలవడానికి వాడే నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం ఒక హార్మోను, దానికి షాపరోన్లతో సంబంధం లేదు. మోతాదు పెరిగితే అదే పూతను రాల్చగలదు కనుక వ్యవసాయ అధికారిని అడగకుండా వాడవద్దు. మార్చి తర్వాత వచ్చే పూత మీద పెట్టే ఖర్చు తిరిగి వస్తుందా అన్నది వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధర చూసి మీరే లెక్క వేసుకోవాలి.

ప్రశ్న: ఇన్ని జన్యువులు తెలిసినప్పుడు వాటిని వరిలో, పత్తిలో పెట్టి రైతులకు ఎందుకు ఇవ్వడం లేదు? మన శాస్త్రవేత్తలకు చేతకాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: చేతకాదనడం అన్యాయం. అరబిడాప్సిస్ నుంచి తీసిన హెచ్‌ఎస్‌పి 101 జన్యువును బాస్మతి వరిలో ప్రవేశపెట్టి, ఆ మొక్కలు తీవ్రమైన వేడి తర్వాత మామూలు మొక్కల కన్నా బాగా కోలుకున్నాయని ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని అనిల్ గ్రోవర్ బృందం 2003లోనే ప్రచురించింది. అదే జన్యువును పత్తిలో పుప్పొడి దశలో కూడా పనిచేసేలా పెట్టి అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, వేడిలో పుప్పొడి మొలకెత్తడం, కాయ పట్టడం మెరుగుపడ్డాయని 2015లో వెల్లడైంది. ఈ రెండో ప్రయోగం నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అది బలహీనమైన చోటును గుర్తించి అక్కడే చేయి వేసింది.

అయితే ప్రయోగశాలలోని కుండీలో మొక్క బతకడం వేరు, పొలంలో దిగుబడి రావడం వేరు. కుండీలో 45 డిగ్రీల వేడి కొన్ని గంటలు ఇచ్చి మొక్క చచ్చిందా బతికిందా అని చూస్తారు. మన పొలంలో మొక్క చావదు. పరకాల రైతు చెప్పినట్లు పచ్చగానే ఉండి తాలు ఇస్తుంది. పైగా పొలంలో వేడి ఒంటరిగా రాదు, నీటి ఎద్దడిని వెంటబెట్టుకుని వస్తుంది. నీరు ఆదా చేయడానికి మొక్క పత్రరంధ్రాలు మూస్తే ఆకు వేడెక్కుతుంది, చల్లబడటానికి తెరిస్తే నీరు పోతుంది. ఒక్క షాపరోన్ జన్యువు ఈ చిక్కును విప్పలేదు.

నాకు తెలిసి షాపరోన్ వర్గానికి చెందిన జన్యువుతో వాణిజ్యస్థాయికి చేరిన పంట అమెరికాలోని ఒక మక్కజొన్న. బాసిల్లస్ సబ్టిలిస్ అనే నేల బాక్టీరియా చలిని తట్టుకోవడానికి వాడుకునే సి.ఎస్.పి.–బి అనే ప్రోటీన్ జన్యువు అందులో ఉంది. అది ప్రోటీన్లకు కాక, జన్యు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏకు షాపరోన్. నీటి ఎద్దడిలో దిగుబడి నష్టాన్ని కొంత తగ్గిస్తుందన్న ఆధారంతో 2011లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. చలి కోసం పుట్టిన జన్యువు కరువుకు పనికి రావడం విశేషమే గానీ, ప్రయోజనం ఓ మోస్తరుదే.

వేడిని తట్టుకోవడానికి మరమ్మతు ఒక్కటే మార్గం కాదన్నది కూడా గమనించాలి. ఆఫ్రికా వరి నుంచి చైనా శాస్త్రవేత్తలు 2015లో గుర్తించిన టి.టి.–1 అనే జన్యువు, పాడైన ప్రోటీన్లను బాగు చేయడానికి బదులు ముక్కలు చేసి తొలగించే వ్యవస్థకు చెందినది. మరికొందరు పువ్వు తెరుచుకునే వేళనే మార్చారు: ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి పొద్దున్నే పూసే లక్షణాన్ని సాగు వరిలోకి తెచ్చారు. చల్లని వేళలో పూత ముగిస్తే షాపరోన్ల అవసరమే తగ్గుతుంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన నగీనా–22 అనే పాత దేశవాళీ రకం పూత దశలో వేడిని బాగా ఓర్చుకుంటుందని ప్రపంచమంతటా గుర్తింపు ఉంది. వేడికి దాని పరాగకోశాల్లో ఉష్ణాఘాత ప్రోటీన్లు ఎక్కువగా కనిపించాయి. అటువంటి రకంతో సంకరం చేసి మన సన్నాల్లోకి ఆ గుణాన్ని తేవడానికి జన్యు మార్పిడి చట్టాలు అడ్డు రావు, కాలం మాత్రం పడుతుంది.

చట్టం సంగతి చెప్పాలంటే, మన దేశంలో రైతు చేతికి వచ్చిన జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి మాత్రమే. బీటీ వంకాయ మీద 2010లో పడిన మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) అలాగే ఉంది. జన్యు సవరణ మార్గం మాత్రం తెరుచుకుంది. బయటి జన్యువు చేర్చకుండా ఉన్న జన్యువునే సవరించిన మొక్కలకు 2022లో కేంద్రం కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే నెలలో భారత వ్యవసాయ పరిశోధన మండలి అటువంటి రెండు వరి రకాలను ప్రకటించింది. వాటిలో ఒకటైన డీఆర్‌ఆర్ ధాన్ 100, సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో రూపొందింది; మరొకటి పూసా డీఎస్టీ రైస్ 1, మన యాసంగి మడుల్లో అందరికీ తెలిసిన ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. ఈ రెండింటిలో సవరించినవి షాపరోన్ జన్యువులు కావు. మొదటిదాంట్లో గింజల సంఖ్యను ప్రభావితం చేసే జన్యువును, రెండోదాంట్లో పత్రరంధ్రాలను నియంత్రించే జన్యువును సవరించారు. షాపరోన్ల మీట జోలికి వెళ్లడం కన్నా ఇటువంటి చోట చేయి పెట్టడం ప్రస్తుతానికి సులువు.

ప్రశ్న: డిసెంబరులో పోసిన నారు చలికి ఎర్రబడి ఎదగడం లేదు. వేడికి పనిచేసే జన్యువులే చలికీ పనిచేస్తాయా?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: కొంత వరకు. చలిలో ప్రోటీన్ల కన్నా ఆర్‌ఎన్‌ఏ అనవసరంగా ముడులు పడటం, కణత్వచం బిగుసుకుపోవడం పెద్ద సమస్యలు. అందుకు మొక్కల్లో వేరే ఆర్‌ఎన్‌ఏ షాపరోన్లు, వేరే నియంత్రక జన్యువులు ఉన్నాయి. హెచ్‌ఎస్‌పి 70 వంటివి రెండు సందర్భాల్లోనూ పనిచేస్తాయి. వరి వేడి ప్రాంతపు మొక్క కనుక చలి విషయంలో దాని ఏర్పాట్లు గోధుమకు ఉన్నంత గట్టివి కావు. మీరు చేయవలసింది తెలిసినదే: సాయంత్రం నారుమడిలోని నీటిని తీసివేసి ఉదయం కొత్త నీరు పెట్టండి, బోరు నీరైతే ఇంకా మంచిది, అది గోరువెచ్చగా ఉంటుంది. రాత్రి పూట ఊచల మీద పాలిథీన్ పట్టా కప్పి పొద్దున తీసివేయండి. చలికి జింకు అందకపోవడం వల్లనే చాలాసార్లు ఆకు ఎర్రబడుతుంది. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయండి.

ప్రశ్న: ఎండకు పెరిగిన పంటలో ఈ ప్రోటీన్లు ఎక్కువగా ఉంటే తిన్నవారికి ఏమైనా హానియా?
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: ఏ హానీ లేదమ్మా. వండితే అవి కూడా మిగతా ప్రోటీన్ల లాగే ఉడుకుతాయి, కడుపులో అరుగుతాయి. ఇవే కుటుంబాల ప్రోటీన్లు మన శరీరంలోని ప్రతి కణంలోనూ ఉన్నాయి. పేగుల్లోని బాక్టీరియాలో ఉండే హెచ్‌ఎస్‌పి 70కీ మనలోని దానికీ అమైనో ఆమ్లాల వరుసలో దాదాపు సగం పోలిక ఉంటుంది.

ప్రశ్న: సొంత విత్తనం దాచుకుంటాం. ఎండాకాలంలో రేకుల షెడ్డులో వేడికి విత్తనం చెడిపోతుందని కొందరు, ఎండిన విత్తనాన్ని వేడి ఏమీ చేయదని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక రైతు, హుజూరాబాద్

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం ఉంది. గింజ ముదిరేటప్పుడు, బయట వేడి లేకపోయినా, దానిలో హెచ్‌ఎస్‌పి 101, చిన్న ఉష్ణాఘాత ప్రోటీన్లు, ఎండడాన్ని తట్టుకునే మరికొన్ని ప్రోటీన్లు వాటంతట అవే పేరుకుంటాయి. నీరు పోయిన కణంలో మిగతా ప్రోటీన్లు అతుక్కుపోకుండా, నీరు తగలగానే తిరిగి పనిలోకి దిగేలా ఇవి చూస్తాయి. పొద్దుతిరుగుడులో విత్తన దశకు చెందిన ఒక ఉష్ణాఘాత కారక జన్యువును పొగాకులో పెట్టినప్పుడు ఆ విత్తనాలు నిల్వలో వృద్ధాప్యాన్ని బాగా తట్టుకున్నాయని 2006లో తేలింది. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామర గింజల్లో ఒకటి సుమారు 1300 ఏళ్ల తర్వాత మొలకెత్తింది. మొలకెత్తిన కొద్ది రోజులకే ఈ నిల్వ తరిగిపోతుంది, అందుకే గింజగా ఉన్నప్పుడు తట్టుకున్న వేడిని మొలక తట్టుకోలేదు.

అయితే ఇదంతా బాగా ఎండిన గింజకే వర్తిస్తుంది. తేమ ఉన్న గింజలో శ్వాసక్రియ సాగుతూ, వేడికి ప్రోటీన్లు, కణత్వచాలు దెబ్బతింటాయి, వాటిని బాగు చేసేంత నీరు మాత్రం ఉండదు. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గినా విత్తన ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రంలో పాత సూత్రం. వడ్లకు ధ్రువీకరణ ప్రమాణం 13 శాతం తేమ, 80 శాతం మొలక. మిట్టమధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద కాకుండా టార్పాలిన్ మీద ఉదయం, సాయంత్రం ఎండలో ఆరబెట్టండి. రేకుల షెడ్డు తప్పనిసరి అయితే సంచులను గోడకు ఆనించకుండా, చెక్కల మీద, రేకుకు వీలైనంత దూరంగా పేర్చండి. నారు పోయడానికి నెల రోజుల ముందు వంద గింజలను తడి గోనెపట్టలో చుట్టి మొలక శాతం చూసుకోండి. 80కి తగ్గితే విత్తనం మార్చుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.